తీర ఈగ ఫొటో ఎంతవరకు చెబుతుంది? గంజాం తీరంలో ఒకేలా కనిపించే జాతుల సమస్య

సంక్షిప్తంగా: ఉప్పు మడుల దగ్గర, నది మొగల్లో, వరి మడుల్లో కనిపించే తీర ఈగలను ఫొటో చూసి చాలాసార్లు ప్రజాతి (దగ్గరి పోలికలున్న జాతుల గుంపు) వరకు గుర్తించవచ్చు. జాతి పేరు చెప్పాలంటే ముఖం, రెక్క ముందు అంచు, ముందుకాళ్లు విడివిడిగా కనిపించాలి. అవన్నీ ఉన్నా కొన్ని ప్రజాతుల్లో మగ ఈగను మైక్రోస్కోపు కింద చూస్తే తప్ప తేలదు. ఫోన్ యాప్ జాతి పేరు ఇచ్చిందంటే ఆ ఆధారం ఫొటోలో ఉన్నట్టు కాదు.

ఒడిశా గంజాం జిల్లాలో రుషికుల్యా నది సముద్రంలో కలిసే చోటుకు దగ్గరలో గంజాం, హుమ్మా ఉప్పు మడులు ఉన్నాయి. ఇలాంటి మడుల గట్ల మీద, తడి బురద మీద మసి చల్లినట్టు చిన్న ఈగలు వాలి ఉంటాయి. మనిషి అడుగు దగ్గరకొస్తే గుంపంతా జానెడు ఎత్తు లేచి, మళ్లీ అక్కడే వాలుతుంది. బహుదా నది మొగలో సోనాపురం వైపు చూసినా, సరిహద్దు దాటి శ్రీకాకుళం జిల్లా నౌపడ మడుల వైపు చూసినా ఇదే తరహా దృశ్యం. బరంపురం, ఛత్రపురం, గోపాలపురంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ, ఒడ్డున వలలు ఆరబెట్టుకునే మత్స్యకారులకూ ఈ ఈగలు కొత్తేమీ కాదు. వాటి పేరు అడిగేవాళ్లు మాత్రం ఇంతకాలం లేరు.

ఇప్పుడు అడుగుతున్నారు. పక్షుల కోసం చిలికా సరస్సుకు వచ్చేవాళ్ల దగ్గర మంచి కెమెరాలున్నాయి. కాలేజీ విద్యార్థుల ఫోన్లలో మాక్రో లెన్స్ ఉంది. ఫొటో తీసి యాప్‌లో పెడితే క్షణంలో ఒక లాటిన్ పేరు వస్తుంది. అదే ఈగను పక్క నుంచి తీసి పెడితే మరో పేరు వస్తుంది. ఏది నిజమన్న గందరగోళం అక్కడ మొదలవుతుంది. దానితో పాటు ఇవి కుడతాయా, జ్వరాలు తెస్తాయా అన్న టెన్షన్ కూడా. రెండో ప్రశ్నకు జవాబు తేలిక. తీర ఈగలు మనిషిని కుట్టవు, రక్తం తాగవు. సాయంత్రం పూట మొగల దగ్గర ఒళ్లు దురద పెట్టేలా కుట్టే సూక్ష్మమైన దోమ లాంటి పురుగులు వేరే కుటుంబానివి. కాలా అజార్ అనే జ్వరాన్ని వ్యాప్తి చేసే ఇసుక ఈగలు మరో కుటుంబానివి. వాటి రెక్కల నిండా వెంట్రుకలుంటాయి. వాలినప్పుడు ఆ రెక్కలు పైకి నిక్కి ఉంటాయి. తీర ఈగ రెక్కలు వీపు మీద ఒకదానిపై ఒకటి పడుకుని ఉంటాయి.

మొదటి ప్రశ్న అంత తేలిక కాదు.

రెండు వేల జాతులున్న కుటుంబం

తీర ఈగల కుటుంబానికి శాస్త్రీయ నామం ఎఫిడ్రిడే. ఇందులో ఇప్పటివరకు పేరు పెట్టిన జాతులు దాదాపు 2,000. వేన్ మాథిస్, టాడ్యూష్ జత్వర్నిట్స్కి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1995లో ఈ కుటుంబానికి ప్రపంచ పట్టిక తయారుచేశారు. నేటికీ పని ఆ పునాది మీదే సాగుతోంది. ఈ ఈగల్లో చాలావాటి పొడవు ఒకటి నుంచి ఐదు మిల్లీమీటర్లు. నువ్వు గింజ పక్కన పెట్టి ఊహించుకుంటే సరిపోతుంది.

ఇంత చిన్న ప్రాణులు బతికే చోట్లు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అమెరికాలో కాలిఫోర్నియా ముడిచమురు గుంటల్లో పెరిగే పిల్లపురుగులు ఈ కుటుంబానివే. వేడి నీటి ఊటల అంచుల్లో, సముద్రం కంటే ఎన్నో రెట్లు ఉప్పగా ఉండే సరస్సుల్లో కూడా ఇవి ఉన్నాయి. కాలిఫోర్నియాలోని మోనో సరస్సు ఈగ గాలి బుడగను ఒంటికి చుట్టుకుని నీటి అడుగుకు దిగి నాచు తింటుంది. ఒళ్లు తడవకుండా ఉండటానికి దాని వెంట్రుకల దట్టం, వాటి మీది మైనపు పూత ఎలా పనికొస్తాయో 2017లో శాస్త్రవేత్తలు వివరించారు. ఉప్పు మడిలో నీరు ఎండి చిక్కబడే కొద్దీ చేపలు, చాలా నీటి పురుగులు బతకలేవు. అక్కడ నాచు మిగులుతుంది, దాన్ని తినే ఈగ మిగులుతుంది. పోటీ లేని చోట సంఖ్య పెరగడం సహజం. మడి గట్టున గుంపులు కనిపించడానికి కారణం ఇదే. మురికి కాదు. చలికాలంలో వచ్చే చిన్న ఉల్లంకి పిట్టలకు ఇలాంటి ఈగలు, వాటి పిల్లపురుగులు మేత కూడా.

ఒకే రకం చోటికి అలవాటుపడిన జాతులు రూపంలోనూ దగ్గరగా ఉంటాయి. బూడిద రంగు, గోధుమ రంగు, కాస్త ఆకుపచ్చ మెరుపు. బురద మీద దాక్కోవడానికి ఆ రంగు చాలు. ఒక జాతి ఈగ తన జతను పోల్చుకోవడానికి వాడే గుర్తులు మనిషి కంటికి ఆనేంత పెద్దవి కావు. ఫొటో గుర్తింపులో కష్టమంతా ఇక్కడి నుంచే వస్తుంది.

ముందు కుటుంబం తేలాలి

జాతి గురించి వాదించే ముందు ఫొటోలో ఉన్నది అసలు తీర ఈగేనా అని చూడాలి. ఉప్పు బురద మీద దీనితో పాటు తిరిగే చుట్టాలు కొన్ని ఉన్నాయి. పొడుగు కాళ్ల ఈగలు (డోలికోపొడిడే) లోహపు ఆకుపచ్చలో మెరుస్తూ, ఒళ్లు పైకెత్తి నిలబడతాయి. కాళ్లు సన్నగా, ఒంటితో పోలిస్తే బాగా పొడవుగా ఉంటాయి. కుళ్లిన నాచు, పేడ దగ్గర తిరిగే స్ఫెరోసెరిడే ఈగలకు వెనక కాలి పాదంలో మొదటి కణుపు ఉబ్బి ఉంటుంది. సముద్రపు అలల అంచున ఉండే కనాసిడే ఈగలు తీర ఈగలకు మరీ దగ్గర పోలిక. కనాసిడే రెక్క ముందు అంచు సిర ఒక చోట తెగి ఉంటుంది. తీర ఈగకు రెండు చోట్ల తెగి ఉంటుంది.

రెండు చోట్ల తెగడం పండ్ల మీద వాలే డ్రోసోఫిలా కుటుంబంలో కూడా ఉంది. కాబట్టి అదొక్కటీ చాలదు. మీసం మీద నుంచి లేచే సన్నని వెంట్రుకను అరిస్టా అంటారు. డ్రోసోఫిలాలో దానికి సాధారణంగా పైనా కిందా కొమ్మలుంటాయి. తీర ఈగలో కొమ్మలుంటే పైవైపే ఉంటాయి, దువ్వెన పళ్లలాగా. కొన్ని ప్రజాతుల్లో అసలు ఉండవు.

అన్నిటికంటే ఫొటోలో త్వరగా పట్టిచ్చేది ముఖం. చాలా తీర ఈగల ముఖం కింది భాగం ముందుకు ఉబ్బి, నోటి రంధ్రం పెద్దదిగా ఉంటుంది. నీటి మీది నాచును, బ్యాక్టీరియా పొరను ఊడ్చి తినే జీవితానికి తగ్గ ముఖం అది. వీపు మీద నుంచి తీసిన ఫొటోలో ఇది కనిపించదు. జనం తీసేవన్నీ వీపు ఫొటోలే. ఈ ఒక్క అలవాటు మారితే గుర్తింపు సగం తేలికవుతుంది.

ప్రజాతి వరకు వచ్చే దారి

కొన్ని ప్రజాతులు ఏ కోణంలో తీసినా దొరికిపోతాయి. ఆక్థెరా అలాంటిది. గొల్లభామ పురుగుకు ఉన్నట్టే దీని ముందు తొడలు లావుగా, వేటకు మడిచి పెట్టినట్టు ఉంటాయి. బురద మీద ఇతర చిన్న పురుగులను, దోమ పిల్లలను పట్టి తింటుంది. కెన్యాలో ఆక్థెరా కాలిబెసెన్స్ అనే జాతి మలేరియా దోమ పిల్లపురుగులను తింటుందని పరిశీలించారు. ఫొటోలో ఆ తొడలు కనిపిస్తే ప్రజాతి ఖాయం. ఏ జాతి అన్నది మాత్రం ముఖం రంగు, ముఖం ఆకారం, నోటి పక్క స్పర్శాంగాల రంగు, కాలి కణుపుల మందం చూసి తేల్చాల్సి ఉంటుంది. తొడల ఫొటో ఒక్కటి పెట్టి జాతి పేరు రాయడం తొందరపాటు.

స్కటెల్లా రెక్కలు ముదురు రంగులో, వాటి మీద కొన్ని తెల్లటి మచ్చలతో ఉంటాయి. ఈ మచ్చల నమూనా చూసి చాలామంది వెంటనే స్కటెల్లా స్టాగ్నాలిస్ అని రాసేస్తారు. గ్రీన్‌హౌస్‌లలో నాచు మీద పెరిగే ఈగగా ఆ పేరు ప్రపంచమంతా తెలుసు కాబట్టి చేతికి ముందు అదే వస్తుంది. కానీ మచ్చలు ఈ ప్రజాతిలో చాలా జాతులకు ఉమ్మడి సొత్తు. స్కటెల్లా టెన్యుకోస్టాకు కూడా అవే మచ్చలు. రెక్కల మీద ఇంకా ఎక్కువ మచ్చలుంటే లిమ్నెల్లియా ప్రజాతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నిలిచిన నీటి మీద, వరి మడిలో, ఇంటి ముందు బకెట్‌లో కూడా నీటి పొర పైనే నడిచే సన్నని ఈగ బ్రాకిడ్యుటెరా అయ్యే అవకాశం ఎక్కువ. భారతదేశంలో నమోదైన జాతుల్లో బ్రాకిడ్యుటెరా లాంజిపెస్ ఒకటి. ఈ ప్రజాతికి ముఖం మధ్యలో పడవ అడుగులాంటి గట్టు లేచి ఉంటుంది. ఎదురుగా తీస్తేనే కనిపించే గుర్తు ఇది. నీటి మీద నిలబడటాన్నే గుర్తుగా తీసుకోకూడదు, ఎఫిడ్రా ఈగలూ నీటి మీద నిలబడగలవు.

ఎఫిడ్రా దగ్గరికొచ్చేసరికి ఫొటో పని దాదాపు అయిపోతుంది. ఉప్పునీటికి బాగా అలవాటుపడిన ప్రజాతి ఇది. నుదుటి మీద లోహపు మెరుపు, ఉబ్బిన ముఖం, పొడవుగా దాదాపు నిటారుగా ఉండే కాలి గోళ్లు దీని లక్షణాలు. ఇవి మంచి ఫొటోలో కనిపిస్తాయి. జాతుల మధ్య తేడా మాత్రం చాలావరకు మగ ఈగ పొట్ట చివర లోపల దాగిన భాగాల ఆకారంలో ఉంటుంది. ఎంత ఖరీదైన లెన్స్ అయినా బయటి నుంచి దాన్ని తీయలేదు. ఆడ ఈగ ఫొటో అయితే ఆ దారి కూడా మూసుకున్నట్టే.

రంగు చెప్పే అబద్ధం

ఫొటో గుర్తింపులో ఎక్కువ తప్పులు రంగు దగ్గర జరుగుతున్నాయి. తీర ఈగల ఒంటి మీద పొడి చల్లినట్టు అతి సన్నని నూగు ఉంటుంది. వెలుగు ఒక పక్క నుంచి పడితే అది వెండిలా, మరో పక్క నుంచి పడితే గోధుమలా, ఎదురు వెలుగులో నల్లగా కనిపిస్తుంది. విభూతి రాసిన నుదురు పక్క నుంచి ఒకలా, ఎదురు నుంచి ఒకలా కనిపించినట్టు. మిట్టమధ్యాహ్నం ఉప్పు మడిలో నేల తెల్లగా ఉండి వెలుగు కింది నుంచి కూడా కొడుతుంది. అప్పుడు తీసిన ఈగ, సాయంత్రం బురద మీద తీసిన ఈగ ఒకటే అయినా రెండు జాతుల్లా ఉంటాయి.

వయసు తేడా కూడా ఉంది. గూడు నుంచి అప్పుడే బయటికొచ్చిన ఈగ పాలిపోయి, మెత్తగా ఉంటుంది. రంగు ముదరడానికి కొంత సమయం పడుతుంది. గుంపులో లేత రంగు ఈగలు కనిపిస్తే మరో జాతి కలిసిందని అనుకోవడం సహజమే కానీ ముందు ఈ కారణాన్ని కొట్టేయాలి. ఉప్పు పేరుకుని కాళ్లు తెల్లబడటం మరో చిక్కు. కాళ్ల రంగు గుర్తింపులో ముఖ్యమైన చోట ఇది నేరుగా దారి తప్పిస్తుంది.

ఫోన్ కెమెరా తన వంతు కలుపుతుంది. ఇప్పటి ఫోన్లు ఒక్క నొక్కుకు అనేక ఫ్రేములు తీసి ఒకటిగా కలుపుతాయి. మచ్చలను నున్నగా చేస్తాయి, అంచులను పదును పెడతాయి. మనిషి ముఖానికి అది అందం కావచ్చు. ఈగ విషయంలో మాత్రం ఫోన్ గరుకు అనుకుని తుడిచేసిన చోటే గుర్తింపుకు కావలసిన వెంట్రుకలు ఉండవచ్చు. ఈగ కాలు కదిలితే కలిసిన ఫ్రేముల్లో లేని కాలు పుట్టవచ్చు. వీలుంటే ఫోన్‌లో రా ఫార్మాట్‌లో, అంటే ఇలాంటి మార్పులేవీ చేయని అసలు ఫైలుగా తీయడం మంచిది. అది లేకపోతే కనీసం బ్యూటీ, ఫిల్టర్ లాంటివి ఆపాలి.

యాప్ దూరదేశపు పేరు ఎందుకు ఇస్తుంది

జనం ప్రకృతి ఫొటోలు పెట్టి పేర్లు తేల్చుకునే ఐనాచురలిస్ట్ లాంటి వేదికలు, ఫోన్‌లో ఫొటో వెతికే యాప్‌లు తాము నేర్చుకున్న ఫొటోలతో కొత్త ఫొటోను పోలుస్తాయి. ఏ జాతికి తగినన్ని ఫొటోలు పేర్లతో సహా ఉంటాయో వాటినే నేర్చుకోగలవు. యూరప్, ఉత్తర అమెరికా తీర ఈగలకు ఫొటోలు తీసేవాళ్లు, పేరు సరిచూసేవాళ్లు ఎక్కువ. భారత తూర్పు తీరంలోని ఈగలకు ఆ వరుసలో చోటు తక్కువ. హుమ్మా మడి దగ్గర తీసిన ఎఫిడ్రాకు అమెరికా పశ్చిమ ప్రాంతపు ఉప్పు సరస్సుల జాతి పేరు రావడానికి కారణం ఇదే. యాప్‌కు తెలిసిన వాటిలో ఇది దానికి దగ్గర. అసలు జాతి దాని జాబితాలోనే లేకపోవచ్చు.

దీనికి తోడు మరో గొలుసు ఉంది. ఐనాచురలిస్ట్‌లో గుర్తించినవాళ్లలో మూడింట రెండు వంతులకు మించి ఒకే పేరు చెబితే ఆ నమోదు పరిశోధన స్థాయికి చేరుతుంది. యాప్ ఇచ్చిన పేరును తీసినవాళ్లు ఒప్పుకుని, చూసిన మరొకరు కూడా అదే యాప్ మాట మీద ఒప్పుకుంటే, ఇద్దరు మనుషులు చెప్పినట్టు కనిపించినా చెప్పింది ఒక్క యంత్రమే. ఆ నమోదు మ్యాపు మీదికి ఎక్కుతుంది. తర్వాత వచ్చినవాళ్లకు యాప్ ఈ దగ్గర్లో చూసిన జాతి అంటూ అదే పేరు మరింత ధైర్యంగా ఇస్తుంది. ఒక తప్పు తనకు తానే సాక్ష్యమైపోతుంది. ఎఫిడ్రా ప్రజాతి అని రాసి ఆగినవాళ్ల నమోదు ఈ లెక్కలో వెనకబడినట్టు కనిపించవచ్చు. విలువలో మాత్రం అదే ఎక్కువ, ఎందుకంటే అందులో రాసిన ప్రతి మాటకూ ఫొటోలో ఆధారం ఉంది.

పొలంలో పేరు తప్పితే

జాతి పేరు శాస్త్రవేత్తల గొడవ అనుకుంటే తీర ఈగల్లోనే ఉన్న హైడ్రెల్లియా ప్రజాతిని చూడాలి. దిగపహండి, పర్లాకిమిడి చుట్టుపక్కల వరి రైతులకు దీనితో నేరుగా పని ఉంది. హైడ్రెల్లియా ఫిలిప్పినా అనే చిన్న బూడిద రంగు ఈగ పిల్లపురుగు నాట్లు వేసిన తొలి నెలలో మొవ్వులోకి చేరి, విప్పుకోని ఆకు లోపలి అంచును గీకి తింటుంది. ఆకు విప్పుకున్నాక అంచు వెంట తెల్లటి లేదా పసుపు చార, అక్కడక్కడ చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. నిలిచిన నీరున్న మడికి తల్లి ఈగ వస్తుంది. పిలకలు వేసే వయసులో పైరు సాధారణంగా తేరుకుంటుంది.

అదే ప్రజాతిలో హైడ్రెల్లియా పాకిస్తానే ఉంది. ఇది వరి జోలికి రాదు. చెరువులను కమ్మేసే హైడ్రిల్లా అనే నీటి మొక్క ఆకులను తొలుస్తుంది. ఆ కలుపును అదుపు చేయడానికి అమెరికా దీన్ని భారత్ నుంచి తెప్పించి 1987లో ఫ్లోరిడా నీళ్లలో వదిలింది. ఒక జాతి రైతుకు చీడ, మరో జాతి కలుపు మీద దించిన సైనికుడు. గట్టు మీద వాలినప్పుడు రెండూ బూడిద రంగు చుక్కలే. చెరువు పక్క మడిలో ఈగ ఫొటో తీసి, యాప్ చెప్పిన పేరుతో మందు దుకాణానికి వెళితే ఏ ఈగ కోసం మందు కొడుతున్నారో తెలియకుండానే కొట్టినట్టు అవుతుంది. తొలి నెలలో అన్ని పురుగులనూ చంపే మందు పడితే సాలీళ్ల లాంటి మిత్ర పురుగులు కూడా పోతాయి.

ఇక్కడ ఈగ ఫొటో కంటే ఆకు ఫొటో ఎక్కువ చెబుతుంది. అంచు వెంట చార ఉందా, ఆకు ముడుచుకుందా, ఉల్లికాడలా గొట్టం వచ్చిందా అన్నది చూస్తే నష్టం ఎవరిదో చాలావరకు తేలుతుంది. గొట్టంలా వస్తే అది ఉల్లికోడు, వేరే కుటుంబపు ఈగ పని. వ్యవసాయ అధికారికి చూపించేటప్పుడు ఈగతో పాటు మొవ్వు ఆకు, మడిలో నీటి మట్టం, నాట్లు వేసిన తేదీ కూడా చూపిస్తే సలహా వేరుగా ఉంటుంది.

పనికొచ్చే ఫొటో

మూడు మిల్లీమీటర్ల ఈగను ఫ్రేము నిండా తీస్తే స్పష్టంగా వచ్చే లోతు మిల్లీమీటరులో కొంత భాగమే. కన్ను స్పష్టంగా ఉంటే రెక్క మసకబారుతుంది. అందువల్ల ఒక్క మంచి ఫొటో కంటే పది సాదా ఫొటోలు మేలు. ఎదురుగా ముఖం, సరిగ్గా పక్క నుంచి ఒళ్లంతా, పై నుంచి రెక్కలు. వీలైతే ముందుకాళ్లు. రెక్క అంచు సిర తెగిన చోట్లు వెనక నుంచి వెలుగు వచ్చినప్పుడు బాగా కనిపిస్తాయి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఈగలు మందకొడిగా ఉంటాయి కాబట్టి దగ్గరికి వెళ్లనిస్తాయి. నేల మీద మోచేతులు ఆనించి, ఈగ ఎత్తుకు కెమెరా దించితే ముఖం దొరుకుతుంది.

కొలత తప్పనిసరి. ఈగ ఎగిరిపోయాక అదే చోట, అదే దూరం నుంచి స్కేలు పెట్టి ఒక ఫొటో తీస్తే చాలు. స్కేలు లేకపోతే నాణెం. 2011 నుంచి వస్తున్న రూపాయి నాణెం సుమారు 22 మిల్లీమీటర్లు. పాత రూపాయి అంతకంటే పెద్దది, కాబట్టి నాణెం మీది సంవత్సరం కూడా కనిపించాలి.

జాతి తేల్చాల్సిన అవసరం నిజంగా ఉంటే నమూనా కావాలి. అవే ఫొటోల్లోని ఈగలు కొన్నిటిని 70 నుంచి 80 శాతం ఆల్కహాల్‌లో వేసి, తేదీ, చోటు పెన్సిల్‌తో రాసిన కాగితాన్ని సీసాలోనే పెడతారు. ఇంకు ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. గోపాలపురంలోనే భారత జంతు సర్వేక్షణ సంస్థకు నదీముఖ జీవశాస్త్ర ప్రాంతీయ కేంద్రం ఉంది. తీరం వెంబడి ఉన్న విద్యార్థులకు ఇంత దగ్గరలో అలాంటి కేంద్రం ఉండటం పెద్ద వసతి. అయితే చిలికాలోని నలబనా పక్షుల అభయారణ్యం లాంటి చోట్ల అనుమతి లేకుండా ఏ నమూనా తీయకూడదు. అక్కడ ఫొటోతోనే సరిపెట్టుకోవాలి.

ఏ ఒడ్డున తీశారు

సరిహద్దు జిల్లాల్లో మరో చిక్కు ఉంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. బహుదా ఇచ్ఛాపురం మీదుగా వచ్చి ఒడిశా వైపు సముద్రంలో కలుస్తుంది. ఫోన్ సిగ్నల్ పక్క రాష్ట్రం టవర్ నుంచి అందుకున్నప్పుడు, లేదా ఫొటోను ఇంటికి వెళ్లాక ఎక్కించినప్పుడు, చోటు కొన్ని కిలోమీటర్లు జరిగిపోవచ్చు. రాష్ట్రాల వారీగా జాతుల జాబితా తయారుచేసేవాళ్లకు ఆ కొన్ని కిలోమీటర్లలో ఒడిశా ఈగ ఆంధ్ర ఈగ అవుతుంది. మొగలో ఉప్పునీటి ఈగ, ఎగువన ఉన్న మంచినీటి చెరువు ఈగగా నమోదవుతుంది. ఫొటో తీసిన చోటే జీపీఎస్ ఆన్‌లో ఉంచి, ఊరి పేరుతో పాటు ఉప్పు మడి గట్టు, వరి మడి, మొగ బురద అని ఒక్క మాట రాస్తే, పేరు ప్రజాతి దగ్గరే ఆగినా ఆ నమోదు తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తుంది. మడిలో నీరు ఉప్పు గట్టే దశలో ఉందా, ఇంకా పలచగా ఉందా అన్నది కూడా రాస్తే మరీ మంచిది. ఏ ఈగ ఎంత ఉప్పు తట్టుకుంటుందో తెలిసేది ఆ ఒక్క వాక్యం నుంచే. ఆ వివరం ఉప్పు మడిలో పనిచేసేవాళ్లను అడిగితే వెంటనే చెబుతారు.